నల్గొండల బ్రిడ్జ్ క్లాసు: ఆట సూపర్, బిడ్డింగ్ ఆగమాగం

రామగిరి దిక్కు ఒక ఇంటి మేడ మీద ఆదివారం పొద్దుగాల బ్రిడ్జ్ అనే పత్తాలాట నేర్పిస్తున్నరు. రెండు నెలల బ్యాచ్, ఫీజు పదిహేను వందలు, చాయ్ అందులనే. నేర్పేది ఇరిగేషన్‌ల చేసి రిటైరైన సార్, పేరు రాస్తె ఊకోరు కాబట్టి రాస్తలేను. పోవాల్నా వద్దా అని మస్తు మంది అడుగుతున్నరు, పత్తాలు పట్టుడు వస్తె పోండి, రాకున్నా పోండి, కానీ బిడ్డింగ్ (ఆటకు ముందు ఏ రంగుతోని ఎన్ని గెలుస్తమో పలుకుడు) కూడ ఈ రెండు నెలల్లనే వచ్చేస్తది అనుకొని మాత్రం పోకుండ్రి.

ముందుగాల మంచి సంగతి. పుస్తకం తీసినా యూట్యూబ్ పెట్టినా అందరు బిడ్డింగ్ తోనే షురూ చేస్తరు, 1 కళావరు నుంచి 7 నో ట్రంప్ (ఏ రంగు తురుపు లేకుండ ఆడుడు) దాక 35 బిడ్లు, ఏ చేతికి ఏమనాలె అని ఇంత పెద్ద పట్టిక, అది చూసి సగం మంది అక్కడనే లేచిపోతరు. ఈ సార్ అట్ల చెయ్యలే. మొదటి దినమే నలుగుర్ని కూసోవెట్టి తలా 13 ముక్కలు పంచిండు, ఎదురుంగ కూసున్నోళ్ళు పార్ట్‌నర్. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తంల 40 పాయింట్లు. ఎవరి పాయింట్లు వాళ్ళు పైకి చెప్పాలె, ఏ జోడికి ఎక్కువుంటె ఆ జోడి ఆడ్తది, అందుల ఎక్కువున్నోడు ఆడ్తడు, రెండోడు ముక్కలన్ని టేబుల్ మీద పరిచి చాయ్ తాగుకుంట కూసుంటడు, ఆయన చేతినే డమ్మీ అంటరు. దీని పేరు మినీబ్రిడ్జ్, యూరప్‌ల బడిపిల్లలకు కూడ నేర్పిస్తరు. గంట తిరగకముందే అందరం ఆడుతున్నం. రమ్మీ, మూడు ముక్కలు తప్ప ఏం తెల్వనోళ్ళు కూడ.

ఇంకోటి నాకు బాగా నచ్చింది, డమ్మీ ముక్కలు పరవంగనే మనకు చెయ్యి ఊకోదు కదా, టక్కున ఒకటి లాగుతం, సార్ వచ్చి ఆ ముక్క మీద వేలు పెడ్తరు. "ఆగు బిడ్డా, గెలిచే ముక్కలు ఎన్నున్నయో లెక్కపెట్టి అప్పుడు ముట్టు." పెద్దోళ్ళకైనా అంతే, మిర్యాలగూడ నుంచి వచ్చే మిల్లు సేటుకు కూడ "అన్నా, లెక్క" అంటరు. అప్పుడే ఫినెస్ అనే ఉపాయం చూపెట్టిండు. డమ్మీల ఇస్పేట్ ఆసు, రాణి ఉన్నయి, మన చేతిల అన్ని చిన్నయి, రాజు అవతలోళ్ళ దగ్గర ఉన్నది. ఆసు వేసి రాణిని వేస్తె రాజుకు బలైతది. అట్ల కాకుండ మన చేతిల నుంచి చిన్న ఇస్పేట్ వెయ్యాలె, ఎడమ దిక్కోడు చిన్నది వేస్తె డమ్మీల నుంచి రాణి వెయ్యాలె. రాజు ఎడమ దిక్కోని దగ్గరనే ఉంటె రాణి బతుకుతది, కుడి దిక్కు ఉంటె పోతది, సగం సగం ఛాన్స్. ఆ రాణి బతికిన దినం మా టేబుల్ మీద అయిన లొల్లికి కింద ఇంటోళ్ళు పైకొచ్చిండ్రు.

ఇగ బిడ్డింగ్. ఇక్కడ సార్‌కు ఓపిక అయిపోతది, లేకుంటె టైమ్ అయిపోతది, ఏదో తెల్వదు. ఆఖరి వారాలల్ల అన్ని ఒక్కసారి మీద పోసిండు. 12, 13 పాయింట్లన్నా ఉంటె ఓపెన్ చెయ్యాలె, అంటె మొదటి బిడ్ అనాలె, ఆఠీను గాని ఇస్పేటు గాని ఓపెన్ చెయ్యాలంటె ఐదు ముక్కలుండాలె, 15 నుంచి 17 ఉండి నాలుగు రంగుల ముక్కలు దాదాపు సమానంగ ఉంటె 1 నో ట్రంప్, ఇవి బానే ఉన్నయి. అదే దినం స్టేమన్, అదే దినం బ్లాక్‌వుడ్ (పార్ట్‌నర్ దగ్గర ఆసులు ఎన్నున్నయో అడిగే బిడ్) ఎందుకు సార్? స్టేమన్ అంటె, పార్ట్‌నర్ 1 నో ట్రంప్ అన్నంక మనం 2 కళావరు అంటె కళావర్లు ఉన్నయని కాదు, నీ దగ్గర నాలుగు ఆఠీన్లో నాలుగు ఇస్పేట్లో ఉన్నయా అని అడుగుడు. మిల్లు సేటు "మరి కళావర్లు నిజంగనే ఉంటె ఏమనాలె" అని అడిగిండు, క్లాసంత నవ్వింది గాని అడిగింది కరెక్టే, జవాబు మాత్రం రాలే. నోట్స్ మొత్తం ఇంగ్లీషుల జిరాక్సు, అదీ మసక మసకగ ఉన్నది.

స్కోరు ఒక్కటి మాత్రం మంచిగ చెప్పిండ్రు. నలుగురు తలా ఒక ముక్క వేసే రౌండ్ గెలిస్తె ఒక ట్రిక్కు, ముందు 6 ట్రిక్కులకు ఏం రాదు, ఆ పైన లెక్క. కళావరు, డైమన్ అయితె ట్రిక్కుకు 20, ఆఠీను, ఇస్పేటు అయితె 30, నో ట్రంప్‌ల మొదటిదానికి 40, తర్వాత 30. వంద గాని అంతకంటె ఎక్కువ గాని అయితె గేమ్, పెద్ద బోనస్. అందుకే 3 నో ట్రంప్‌కు అందరు ఉరుకుతరు, 9 ట్రిక్కులకే వంద అయితది, అదే కళావర్లతోని గేమ్ కావాలంటె 11 కావాలె.

బిడ్డింగ్ బాక్సులు (బిడ్లు రాసిన కార్డుల డబ్బాలు, నోటితోని అనకుండ కార్డు చూపెట్టొచ్చు) లేవు, నోటితోనే అనాలె. ఇది చిన్న లోటు కాదు, ఎందుకంటె బ్రిడ్జ్‌ల మొఖం మాడ్చినా, గొంతు మార్చినా, దగ్గినా తప్పే, పార్ట్‌నర్‌కు ఏం చెప్పాల్నన్నా బిడ్‌తోని, ముక్కతోనే చెప్పాలె. మన దగ్గర పత్తాలంటె సైగలే సగం ఆట, ఆ అలవాటు పోవాలంటె బాక్సులు కొనాల్సిందే సార్.

ఇంట్ల "పత్తాలాటకు పోతున్నవా" అని లొల్లి చేసెటోళ్ళు ఉంటరు, మా దగ్గర కూడ అయింది. ఇక్కడ పైసల ముచ్చటే లేదు. 1967ల సికింద్రాబాద్‌లున్న ఒక క్లబ్బు రమ్మీ కేసుల సుప్రీంకోర్టు రమ్మీల తెలివి కావాలె అన్నప్పుడు బ్రిడ్జ్‌నే పోల్చి చెప్పింది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బ్రిడ్జ్‌ల మనోళ్ళు ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ గోల్డ్ కొట్టినప్పుడు ఒకాయనకు 60, ఇంకొకాయనకు 56. ఇది చెప్పంగనే మా నాయిన నేను కూడ వస్త అన్నడు.

మేడ మీద రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, ఏప్రిల్ మే ల నల్గొండ ఎండ సంగతి తెల్సు కదా, పదకొండు దాటితె ముక్కలు చేతికి అతుకుతయి. అసలు ఇబ్బంది క్లాసు అయిపోయినంక, ఇంటికాడ నలుగురు ఎక్కడ దొర్కుతరు? బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటుల పైసలు లేకుండనే మనుషులతోని ఆడొచ్చు, నేను అట్లనే నెట్టుకొస్తున్న. కానీ బిడ్డింగ్ కొంచెం వచ్చినంకనే పోండి, లేకుంటె అవతలి పార్ట్‌నర్ మధ్యలనే లేచిపోతడు.

ఐదుకు మూడున్నర స్టార్లు. దసరా అయినంక కొత్త బ్యాచ్ అంటున్నరు, ఒక్కరు పోయేకంటె ఇంట్లోళ్ళనో దోస్తునో జోడి పట్టుకొని పోండి. పోంగనే మసక జిరాక్సులు వద్దు, ఫోన్‌కు పీడీఎఫ్ పంపుమని అడగండి, అడిగితె పంపుతున్నరు.