కాళేశ్వరం వంతెన దాటి సిరొంచకు

కాళేశ్వరం వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది గోదావరిలో మునిగి, ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలను దర్శించుకుని, ఘాట్ దగ్గర మిర్చి బజ్జీలు తిని వెనక్కి తిరిగేస్తారు. ఎదురుగా వంతెన దాటితే మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, సిరొంచ. అటు పోదామంటే చాలామందికి భాష టెన్షన్. ఆ భయమే అక్కర్లేదు. సిరొంచ బజార్లో కూరగాయల బేరం నుంచి మందుల షాపు దాకా తెలుగే నడుస్తుంది. బోర్డులు, బడి చదువులు మాత్రం మరాఠీ. మా చిన్నమ్మ కూతుర్ని ఆ ఊరే ఇచ్చాం కాబట్టి రాకపోకలు మాకు కొత్త కాదు. ఈసారి మాత్రం చుట్టపుచూపుగా కాకుండా, ఊళ్లు చూద్దామనే వెళ్లాం.

మ్యాప్‌లో మూడు రాష్ట్రాల గీతలున్నా కింద నేల ఒక్కటే. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. అక్కణ్నుంచి 113 కిలోమీటర్లు పారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడో వంతు ఈ ఒక్క ఉపనదిదే. ఇంకొంత దిగువన ఇంద్రావతి వచ్చి చేరుతుంది, దాని అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. దేశాల మధ్య ఇలాంటి చోటుంటే కష్టం. సుందరబన్స్ అడవి మొత్తం చూడాలంటే కొంత మన బెంగాల్లో చూసి, మిగతాదానికి బంగ్లాదేశ్ వీసా తీసుకోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు. కానీ గీత దాటగానే బస్సు టికెట్టు, చట్టం, రోడ్డు అన్నీ మారిపోతాయి.

బస సంగతి ముందు చెప్తాను. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే కాళేశ్వరంలోనే దిగండి. సత్రాలు, ఏసీ గదులు దొరుకుతాయి, వేడినీళ్లకు ఇబ్బంది లేదు, భోజనం మనదే. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు మాత్రం ముందే చూసుకోవాలి. సిరొంచలో లాడ్జీలు తక్కువ. మేం దిగిన చోట దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ రాత్రి కరెంటు పోతే జనరేటర్ లేదు, పొద్దున కుళాయిలో నీళ్లు రావడానికి ఓనరును లేపాల్సి వచ్చింది. అయినా మళ్లీ వెళ్తే నేను సిరొంచలోనే ఉంటాను. తెల్లవారుజామునే అడవి రోడ్డు పట్టాలంటే అదే వీలు. పైగా బస్టాండు పక్క హోటల్లో పొద్దున్నే వేడి పోహా, మన ఇడ్లీ, రెండూ ఒకే ప్లేటులో పెట్టిస్తారు. మధ్యాహ్నం ఖానావళి అనే భోజనం మెస్‌లో జొన్నరొట్టె, ఠేచా అనే దంచిన పచ్చిమిరప పచ్చడి బాగున్నాయి. పప్పు మాత్రం తియ్యగా ఉంది, మా ఆవిడ ముట్టలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వడధాం. సిరొంచకు దగ్గర్లోనే అటవీశాఖ వాళ్ల శిలాజాల పార్కు ఇది. రాయిగా మారిన చెట్ల మొద్దులు, రాక్షసబల్లుల ఎముకల ముక్కలు చూపిస్తారు. చూడ్డానికి చిన్న పార్కే, బోర్డుల మీద వివరం తక్కువ. కథ తెలియకుండా వెళ్తే పది నిమిషాల్లో బయటపడతారు. కథ ఏమిటంటే, ఈ లోయ అడుగున జురాసిక్ కాలం నాటి రాతిపొరలున్నాయి. సిరొంచ తాలూకాలోని కోట అనే పల్లె పేరు మీద వాటిని కోట ఫార్మేషన్ అంటారు. 1960 ప్రాంతంలో ఇదే తాలూకా పోచంపల్లి దగ్గర ఒక పెద్ద శాకాహార డైనోసార్ ఎముకలు గుట్టగా దొరికాయి. 1961 టాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో దానికి బారాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టి, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. ప్రాణహితకు మన వైపు యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అనే మరో డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని వడధాం తీసుకెళ్లేవాళ్లు ముందు బిర్లా మ్యూజియం చూపించి తీసుకెళ్తే ఆ ఎముక ముక్కలకు విలువ తెలుస్తుంది. అన్నట్టు, ఈ పోచంపల్లి చీరల పోచంపల్లి కాదు. మేడిగడ్డ బ్యారేజీకి మహారాష్ట్ర వైపు కొస ఉన్న ఊరు. 2023 అక్టోబరులో పియర్లు కుంగిన బ్యారేజీ అదే.

సిరొంచ నుంచి ఆలపల్లి వెళ్లే అడవి రోడ్డు దగ్గరికొస్తే మనసు రెండుగా చీలింది. దారికి రెండు పక్కలా టేకు, మద్ది. బల్లార్షా కలప డిపో నుంచి అయోధ్య గుడి తలుపులకు వెళ్లిన టేకు ఈ గడ్చిరోలి, చంద్రపూర్ అడవులదే. కానీ దాదాపు వంద కిలోమీటర్ల దారిలో గుంతలు తప్పించుకుంటూ పోతే నడుం పట్టేసింది. చిన్న కారు వద్దు. "బావా, పొద్దు గూకకముందే వాపస్ రావాలె" అని మా బావ బయల్దేరేటప్పుడే గట్టిగా చెప్పాడు. రాత్రిపూట ఆ దారిలో పంక్చర్ షాపు కూడా ఉండదు. ఆ దారి మీదుగా వెళ్లే కమలాపూర్ ఏనుగుల క్యాంపు కోసమైతే ఆ కష్టం పడొచ్చు. మహారాష్ట్రలో అలాంటి క్యాంపు అదొక్కటే. ఒకప్పుడు కలప దుంగలు లాగిన ఏనుగులు, వాటి సంతానం ఇప్పుడు చెరువులో ఈదుతూ కనిపిస్తాయి. చలికాలంలో వాటి పాదాలకు మూలికా వైద్యం చేసే కొన్ని రోజులు సందర్శకుల్ని రానివ్వరు, కనుక్కుని వెళ్లండి.

ఆర్టీసీ బస్సుల్లో మన ఆడవాళ్లకున్న ఉచిత ప్రయాణం తెలంగాణ సరిహద్దు దాకానే. అవతల ఎస్టీ అని పిలిచే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల్లో 2023 నుంచి ఆడవాళ్లకు సగం టికెట్. మందు అలవాటున్నవాళ్లకు ఒక మాట: గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం. డిక్కీలో సీసా పెట్టుకుని వంతెన ఎక్కితే తనిఖీలో దొరికిపోవచ్చు, అక్కడ మన పలుకుబడి పనిచేయదు.

సోమ్‌నూర్ సంగమం చివరికి ఉంచుకున్నాం. ఆసరెల్లి మీదుగా వెళ్లాలి. ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు, ఒక్క చోట నిలబడి మూడు రాష్ట్రాలు చూడొచ్చు. కాళేశ్వరం సంగమం కన్నా ఇదే బాగుంది. గుడి లేదు, మైకు లేదు, రాళ్ల మధ్య నుంచి నీళ్లు హోరుమంటూ వస్తాయి. టీకొట్టు కూడా లేదు కాబట్టి నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. స్నానానికి మాత్రం దిగొద్దు, రాళ్ల సందుల్లో లోతు తెలియదు. సిరొంచ నుంచి ఆటో మాట్లాడుకునేటప్పుడు వెయిటింగ్‌తో కలిపి రానుపోను ఇంతని ముందే తేల్చుకోండి. అక్కడ దింపి వెళ్లిపోతే తిరుగు బండి దొరకదు.