అవ్వ ముఖానికి 43 స్లైడర్లు: నాలుగేళ్లు వాడాక

హనుమకొండలో మా ఇంటి పైగదిలో కూర్చుని పిల్లల కథలకు యానిమేషన్ చేస్తుంటాను. కథలన్నీ చెప్పేది ఒక అవ్వే. 2021 నుంచి ఆమె ముఖాన్ని బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లోని షేప్ కీస్‌తోనే ఆడిస్తున్నాను. మాయా అనే ఇంకో 3డి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు వీటినే బ్లెండ్ షేప్స్ అంటారు.

మామూలు ముఖం 'బేసిస్'గా ఉంటుంది. దాన్నే లాగి, నొక్కి ఒక్కో షేప్ చేసి పెడతాం, ఒక్కోదానికి ఒక స్లైడర్. స్లైడర్ సున్నాలో ఉంటే మామూలు ముఖం, 1కి వస్తే నిండు నవ్వు, 0.3 దగ్గర పెదవి మూలలో చిన్న కదలిక. ముఖం మోడల్ అంతా బిందువుల అల్లికే. బేసిస్ నుంచి ప్రతి బిందువు ఎంత జరిగిందో బ్లెండర్ చూసి, ఆ తేడాలన్నీ కూడుతుంది. లోపల జరిగేది అంతే.

మొదట నవ్వు, ఏడుపు, కోపం అంటూ పూర్తి ముఖాలే ఎనిమిది చేశాను. రెండు కలిపితే ఏ భావమూ నిలిచేది కాదు. 1978లో పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ ముఖ కదలికలను కండరాల లెక్కన విడగొట్టిన పద్ధతి గురించి చదివాక, కనుబొమ్మ, రెప్ప, పెదవి మూల అన్నీ వేరు చేశాను. అప్పటి నుంచే అవ్వ ముఖంలో ప్రాణం కనిపించింది.

రెప్పల దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. స్లైడర్ జరిపితే ప్రతి బిందువూ తిన్నగా పోతుంది, కనుగుడ్డేమో గుండ్రం. దాని మీదుగా జారాల్సిన రెప్ప లోపలి నుంచి పోతుంది. 0.5 దగ్గర ఆపి చూస్తే రెప్పను చీల్చుకుని తెల్లగుడ్డు బయటికొచ్చి ఉంటుంది. సగం మూసిన రెప్పను విడిగా ఒక షేప్ చేసి డ్రైవర్ (ఒక స్లైడర్‌ను బట్టి ఇంకోదాన్ని దానంతటదే జరిపే ఏర్పాటు) పెట్టాను: అసలు స్లైడర్ 0.5కి వచ్చేసరికి ఇది 1 అవుతుంది, రెండు చివర్లలో సున్నా. దవడ తెరుస్తూ నవ్వించినా ఇదే గొడవ, రెండు తేడాలూ కలిసి పెదవి మూలలు చెంపల్లోకి సాగుతాయి. నా 43 షేపుల్లో 17 ఇలాంటి దిద్దుబాట్లే.

ఇంకొకటి, షేప్ కీస్ పెట్టాక మిర్రర్ (సగం ముఖాన్ని రెండో వైపు అద్దంలా చూపేది), సబ్‌డివిజన్ (మోడల్‌ను నున్నగా చేసేది) మాడిఫయర్లను అప్లై చేయలేం, అంటే మోడల్‌లో శాశ్వతంగా కలపలేం. అది ముందు తెలియక వారం పని మళ్లీ చేశాను.

నాకు ఎక్కువ నేర్పింది మాటల పనే. "ఏంది బిడ్డా, అన్నం తిన్నవా?" అని అవ్వ అడగాలి. రాతలో సున్నా ఉంది కదా అని 'అన్నం' దగ్గర పెదవులు మూయించాను. మా అమ్మ చూసి, "ఆగి ఆగి మాట్లాడుతున్నట్టుంది, మనం గట్ల అనం" అన్నది. వంటింట్లో ఆమెతోనే ఆ మాట అనిపించి ఫోన్లో తీశాను. 'త' ముందు ఆ సున్నా 'న్' లాగే పలుకుతోంది, పెదవులు కలవనే లేదు. మొత్తం వాక్యంలో అవి కలిసేది 'బి' దగ్గర ఒక్కసారే. 'వా' దగ్గర కింది పెదవి కొంచెం పైకి లేస్తుంది. అదే 'బతుకమ్మ' అన్నప్పుడు 'మ్మ'ను గబుక్కున వదిలేస్తే 'బతుకమ' అన్నట్టుంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కలో మామూలు 'మ'కు రెండు ఫ్రేములు మూస్తే, ఇక్కడ నాలుగైదు పట్టి ఉంచాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వాక్యం అయిపోగానే నోరు మూయించడం కూడా మానేశాను.

పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌లో ఇంత పట్టు దొరకడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పది షేపులతో, ఒకే ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి.

ఈ మధ్య కథల్లోకి తాత వచ్చాడు. అవ్వ మెష్‌నే, అంటే ఆ బిందువుల అల్లికనే మలిచి ఆయన్ను చేశాను. బిందువుల సంఖ్య, వరుస మారలేదు కాబట్టి కళ్లు, కనుబొమ్మల షేపులు దాదాపు అట్లాగే సరిపోయాయి. పెదవులవి మాత్రం మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. తాతది బోసినోరు, 'మ' అంటే పెదవులు లోపలికి ముడుచుకుపోవాలి.