విజయవాడలో సాయంకాలపు కౌన్సెలింగ్ ప్రాథమిక కోర్సు: పది వారాల తరువాత నా అభిప్రాయం

విజయవాడలోని ఒక జూనియర్ కళాశాలలో పదకొండేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. కిందటి ఏడాది అర్ధసంవత్సర పరీక్షలు అయిన వారంలో, ద్వితీయ సంవత్సరం ఎంపీసీ చదివే అబ్బాయి ఒకడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, “మేడమ్, పుస్తకం తెరిస్తే ఏమీ ఎక్కడం లేదు, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు” అన్నాడు. “అవన్నీ మనసులో పెట్టుకోకు నాన్నా, నువ్వు బాగా చదివేవాడివి, అన్నీ సర్దుకుంటాయి” అని చెప్పి పంపించాను. “సరే మేడమ్” అని వెళ్లిన ఆ అబ్బాయి, ఆ సంవత్సరమంతా పాఠం గురించి తప్ప నాతో మరో మాట మాట్లాడలేదు. మంచి మాటే చెప్పాననుకున్నాను. అలాంటప్పుడు మళ్లీ ఎందుకు రాలేదన్న ఆలోచన నన్ను వదలలేదు. మొగల్రాజపురంలో ఒక శిక్షణ కేంద్రం సాయంత్రం పూట నడిపే కౌన్సెలింగ్ ప్రాథమిక కోర్సులో చేరడానికి అదే కారణం.

కోర్సు పది వారాలు. మంగళ, గురువారాల్లో సాయంత్రం 6.30 నుంచి 8.30 వరకు తరగతులు ఉంటాయి. రుసుము 6,000 రూపాయలు. మా బృందంలో 21 మందిమి. సగానికి పైగా ఉపాధ్యాయులు కాగా, మిగిలినవారిలో ఒక నర్సు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, గుంటూరు నుంచి బస్సులో వచ్చి వెళ్లే అంగన్‌వాడీ సూపర్‌వైజరు, రైల్వేలో పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఈ తరగతులతో ఎవరూ కౌన్సెలర్లు అయిపోరనీ, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు కావాలనీ శిక్షకురాలు మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. కేంద్రం కరపత్రంలో మాత్రం “సర్టిఫికెట్” అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉంది. చేరేవారు శిక్షకురాలి మాటనే ప్రమాణంగా తీసుకోవాలి.

సిద్ధాంతం తక్కువే చెప్పారు. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో ప్రచురించిన వ్యాసంలో, కౌన్సెలింగ్ వల్ల మనిషిలో మార్పు రావడానికి అవసరమని ప్రతిపాదించిన నియమాల్లో, సహాయం చేసే వ్యక్తి వైపు ఉండవలసిన మూడింటి మీదనే కోర్సంతా నడిచింది. ఎదుటివారి స్థితిని వారి కళ్లతో చూసే సహానుభూతి, షరతులు పెట్టని ఆదరణ, లోపల ఒకటి బయట ఒకటి లేని నిజాయతీ ఆ మూడు. సానుభూతికీ సహానుభూతికీ మధ్య ఉన్న తేడాను వివరించడానికి ఆమె ఒక సాయంత్రమంతా కేటాయించారు. జాలి చూపించేవారు గట్టు మీద నిలబడి మాట్లాడతారనీ, సహానుభూతి ఉన్నవారు తాము కొట్టుకుపోకుండానే నీళ్లలోకి దిగి పక్కన నిలబడతారనీ ఆమె చెప్పినప్పుడు, ఆ అబ్బాయితో నేను గట్టు మీది నుంచే మాట్లాడానని అర్థమైంది.

ఈ కోర్సుకు ప్రాణం ముగ్గురేసి కూర్చుని చేసే సాధన. ఒకరు తమ జీవితంలోని నిజమైన, మరీ పెద్దది కాని ఇబ్బందిని పది నిమిషాలు చెప్పాలి, ఇంకొకరు వినాలి, మూడోవారు ఆ వినడాన్ని గమనించి రాసుకోవాలి. వినేవారు సలహా ఇవ్వకూడదు, తమ కథ ఎత్తుకోకూడదు. మొదటి వారం రైల్వే పెద్దాయన తన కొడుకు బెంగళూరు వెళ్లాక ఇంట్లో సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో చెబుతుంటే, రెండు నిమిషాలైనా కాకముందే నేను “మా అన్నయ్యగారి ఇంట్లోనూ ఇంతేనండీ” అని అందుకున్నాను. ఆ పది నిమిషాల్లో నేను నాలుగు సలహాలు ఇచ్చానని నర్సు రాసిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాలుగూ ఆయనకు ముందే తెలిసిన సంగతులు.

“ఎందుకు” అనే ప్రశ్న మన ఇళ్లలోనూ బళ్లలోనూ నిలదీసినట్టు వినిపిస్తుందనీ, “ఎందుకు రాలేదు” అనే బదులు “ఆ రోజు ఏం జరిగిందో చెప్పు” అంటే బిగుసుకున్న మనిషి కాస్త వదులవుతాడనీ సాధన చేస్తేనే తెలిసింది. ఊ కొట్టడం గురించి శిక్షకురాలు చెప్పింది మరీ బాగుంది. అమ్మమ్మ కథ చెబుతున్నప్పుడు పిల్లలు ఊ కొట్టడం ఆపేస్తే ఆమె కూడా కథ ఆపేసేది. కష్టం చెప్పుకొనే మనిషికీ ఆ ఊ కావాలి, అయితే అది తొందరపెట్టే ఊ కాకూడదు.

భాష విషయంలో మాత్రం కోర్సు మొదట్లో తడబడింది. చేతికిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. భావాల పేర్ల పట్టికను మాటకు మాటగా తెలుగు చేసి చదివించారు. “మీకు ఎలా అనిపిస్తోంది” అని అడిగితే మావాళ్లందరి జవాబూ “ఏముందండీ, బాగానే ఉన్నాను” అనే వచ్చేది. మన దగ్గర బాధ ఎక్కువగా శరీరం మీదుగానే మాటలోకి వస్తుంది. గుండెల్లో రాయి పడ్డట్టుందంటారు, కడుపు తరుక్కుపోతోందంటారు, కాళ్లూ చేతులూ ఆడటం లేదంటారు. ఆ మాటను ఆందోళన అనో దిగులు అనో మార్చకుండా, “ఆ రాయి ఎప్పటి నుంచి ఉన్నట్టుందమ్మా” అని వారి మాటతోనే అడిగినప్పుడు సంభాషణ ముందుకు సాగింది. మేము ఈ సంగతి చెప్పాక, నాలుగో వారం నుంచి శిక్షకురాలు పట్టిక పక్కనపెట్టి మా చేతనే మాటలు రాయించారు. గుంటూరు నుంచి వచ్చే ఆవిడ ఒక్కరే రెండు పేజీలు నింపారు.

లోపాల్లో పెద్దది ఎనిమిదో వారంలో కనిపించింది. ఆత్మహత్య ఆలోచనల గురించి ఒక్క గంటే కేటాయించారు. చెప్పినదంతా అవసరమైనదే: ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ, రాత్రింబవళ్లూ మాట్లాడవచ్చని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించమంటుందని చెప్పారు. అయితే ఆ ప్రశ్నను నోటితో అడిగే సాధన జరగలేదు. హాస్టల్ పిల్లల మధ్య పనిచేసే మాకు అది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దానికి కనీసం రెండు సాయంత్రాలు ఉండాలి. గోప్యత మీద చెప్పిన పాఠానికి మాత్రం వంక పెట్టలేను. “ఎవరికీ చెప్పను” అని పిల్లలకు ముందే మాట ఇవ్వకూడదనీ, లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి అనీ ఆమె నిదానంగా, ఉదాహరణలతో వివరించారు.

ఏడు జట్లను ఒక్క శిక్షకురాలు చూడటం కుదరలేదు. పది వారాల్లో నా సాధనను ఆమె స్వయంగా చూసింది మూడుసార్లే. ఎనిమిదిన్నరకు తరగతి ముగిస్తే గుంటూరు బస్సు అందదని అంగన్‌వాడీ ఆవిడ ప్రతిసారీ ఎనిమిదింటికే లేచిపోయేవారు. సాధన మీద చర్చ సాగేది ఆ చివరి అరగంటలోనే కాబట్టి, దూరం నుంచి వచ్చేవారికి ఆదివారం తరగతులు పెట్టడం న్యాయం.

ఉపాధ్యాయులకు, హాస్టల్ వార్డెన్లకు, నర్సులకు ఈ కోర్సు 6,000 రూపాయలకు తగినదే. ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు మాత్రం కొంతకాలం ఆగడం మంచిది. మాలో ఒకరు రెండో వారంలోనే సాధన మధ్యలో కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. శిక్షకురాలు ఆయనను విడిగా ఒక మానసిక వైద్యుడి దగ్గరకు పంపారు, కేంద్రం రుసుము తిరిగి ఇచ్చింది.

చివరి రోజు మా అభిప్రాయాలు అడిగినప్పుడు జట్ల సంఖ్య గురించి, ఎనిమిదో వారం గురించి రాసి ఇచ్చాను. తదుపరి బృందాన్ని 15 మందికి పరిమితం చేసి, రెండో శిక్షకురాలిని తీసుకుంటామన్నారు. ఆ మార్పు జరిగితే చేరడానికి మా కళాశాలలో ఇద్దరు అధ్యాపకులు సిద్ధంగా ఉన్నారు.