గేమ్ ఎక్కడ కొనాలి: స్టీమ్‌లోనా, జీఓజీలోనా?

రెండూ కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలే. దొంగ కాపీలు రాకుండా చాలా గేములకు సర్వర్ అనుమతి ఉంటేనే తెరుచుకునే తాళాలు వేస్తారు. కానీ డబ్బు కట్టి కొన్నవాడికే ఆ తాళాలు, దొంగ కాపీ ఆడేవాడికి ఏ అడ్డూ లేదు. నాకు మండేది ఇక్కడే.

ధర: స్టీమ్‌లో రూపాయల్లో కట్టొచ్చు. జీఓజీలోనూ సేల్స్ ఉంటాయి, కానీ కొత్త పెద్ద గేములన్నీ దొరకవు.

శ్రమ: స్టీమ్‌లో అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. జీఓజీ ఇన్‌స్టాలర్‌ని (గేమ్‌ని కంప్యూటర్‌లో ఎక్కించే ఫైల్‌ని) హార్డ్‌డిస్క్‌లో మనమే దాచుకోవాలి.

రిస్క్: అసలు తేడా ఇదే. స్టీమ్‌లోనూ అమ్మిన ద క్రూ గేమ్ ఒంటరిగా ఆడాలన్నా నెట్ తప్పనిసరి, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశాక డబ్బు కట్టి కొన్నవాళ్లకు కూడా అది అధికారికంగా ఆడే దారి లేకుండా పోయింది. జీఓజీ ఇన్‌స్టాలర్‌కు ఏ సర్వర్ అనుమతీ అక్కర్లేదు.

స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకు స్టీమే సరి. నెట్ సరిగా రాని ఊళ్లో ఉండి, ఒంటరిగా కథ గేములు ఆడేవాళ్లు ముందు జీఓజీలో వెతకండి.