చెన్నై ఉప్పుగాలిలో 20 అంగుళాల యూనిసైకిల్: నాలుగైదేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా. యూనిసైకిల్, అంటే ఒంటి చక్రం సైకిల్, నేర్చుకోవడానికైతే 20 అంగుళాల చక్రం ఉన్నదే కొనండి, చవకదైనా పర్లేదు. దాని మీద ఆఫీసుకి వెళ్లొద్దామనే ఆలోచన ఉంటే మాత్రం వద్దు. నాది మామూలు రకం: స్టీలు ఫ్రేము, 125 మి.మీ. క్రాంకులు (పెడల్స్‌ని ఇరుసుకి కలిపే కడ్డీలు), నాలుగు పలకల ఇరుసుకి నట్టుతో బిగించేవి. కొన్న దగ్గర్నుంచి బెసంట్ నగర్ బీచ్ రోడ్డు మీద, వాన పడితే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తొక్కుతున్నా.

ఆఫీసుకి ఎందుకు వద్దంటే, దీనికి చైను లేదు, ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరగనిచ్చే భాగం) లేదు, క్రాంకులు నేరుగా చక్రం మధ్యనున్న హబ్‌కే బిగించి ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. ఈ చక్రం చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకి 6 కిలోమీటర్లు దాటదు, అంటే పొద్దున్నే వాకింగ్‌కొచ్చిన పెద్దాయన మనల్ని దాటుకుంటూ పోతూ "ఏం బాబూ, సర్కస్‌లో చేస్తావా?" అని తీరిగ్గా అడిగి మరీ వెళ్తాడు. అదే 29 అంగుళాలదైతే చుట్టుకి 2.3 మీటర్లు వస్తుంది. ఎడ్ ప్రాట్ అనే బ్రిటిష్ కుర్రాడు 2015లో బయల్దేరి 2018కల్లా ప్రపంచం చుట్టొచ్చింది 36 అంగుళాల దాని మీద. ఈ నేరు పెడల్ పద్ధతి పాత సంగతే లెండి. 1870ల నాటి పెన్నీ ఫార్దింగ్ సైకిల్‌కీ ముందున్న పెద్ద చక్రానికే పెడల్స్ ఉండేవి, గట్టిగా ఆపితే వెనక చిన్న చక్రం గాల్లోకి లేచేది, యూనిసైకిల్ ఆలోచన అక్కడే పుట్టిందంటారు.

ఇక అసలు సంగతి, క్రాంకులు. నాకు మొదటి ఏడాదిలోనే ఎడమ క్రాంక్ వదులైంది. ముందు చిన్నగా టక్ టక్ అని చప్పుడు, పెడల్ కిందికి దిగిన ప్రతిసారీ. ఆ చప్పుడు వినగానే దిగి నట్టు బిగించాలి, ఎందుకంటే క్రాంక్ అల్యూమినియం, ఇరుసు ఉక్కు, వదులుగా తొక్కిన కొద్దీ పలకల కన్నం అరిగి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలబడదు. నాది అలాగే పోయింది. వేపేరి సైకిల్ షాపుల్లో ఒక మెకానిక్ అన్న (మన తెలుగాయనే) మామూలు గేర్ సైకిల్ ఎడమ క్రాంక్ పెట్టి చూపించాడు, పలకలకి భేషుగ్గా కూర్చుంది. కానీ దాని పొడవు 170 మి.మీ., కుడి వైపున్నది 125. ఒక కాలు అంత పెద్ద చుట్టు తిరిగితే ఇంకేం బ్యాలెన్స్! చివరికి జత ఆన్‌లైన్‌లో తెప్పించాల్సి వచ్చింది, అమ్మినవాళ్లు మొదట రెండూ కుడివే పంపారు, మార్పించుకోవడానికి ప్రాణం పోయింది. ట్యూబు విషయంలో మాత్రం ఏ బాధా లేదు, టైరు మీద రాసున్న సైజు చూపిస్తే పిల్లల సైకిల్ ట్యూబు ఏ వీధిలోనైనా ఇస్తారు.

"పెడల్ దానంతటదే ఊడిపోతోంది" అని చాలామంది అడుగుతారు. దీనికి ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది కానీ తేడా ఉంది. ఎడమ పెడల్‌కి మర ఉల్టా. సీటు తిరగేసి పెట్టుకుని తొక్కితే రెండు పెడల్స్ మెల్లగా విప్పుకుంటూ పోతాయి, క్రాంక్ మరలు కూడా చెడతాయి. పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అని ఉంటుంది, ఎక్కే ముందు చూసుకోండి.

సీటు: కంపెనీ సీటు రేకులాంటిది, పావుగంటకే తిమ్మిరెక్కుతుంది. సైక్లింగ్ షార్ట్స్ కొంత ఆదుకుంటాయి కానీ వంపు ఎక్కువున్న మంచి సీటు వేయించాకే నాకు సుఖం. డబ్బులు పెట్టాలంటే మొదట ఇక్కడ పెట్టండి, రంగు రంగుల టైరు మీద కాదు.

తుప్పు. బీచ్ పక్కన తొక్కితే తప్పదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు పడ్డాక సీటు పోస్టు ఫ్రేములో పట్టేసుకుంది, సీటు ఎత్తు మార్చాలంటే ఇద్దరం పట్టుకుని తిప్పాల్సి వచ్చింది. ఇప్పుడు వానాకాలం ముందే పోస్టు లాగి గ్రీజు రాస్తాను, స్పోకుల చివర్లకి ఓ చుక్క నూనె.

ఎన్నాళ్లకి వస్తుంది? రోజూ గంట గోడ పట్టుకుని కష్టపడితే రెండు మూడు వారాల్లో నాలుగు గజాలు పోతారు. బరువంతా పెడల్స్ మీద వేస్తే రాదు, సీటు మీద కూర్చోవాలి, చూపు ముందుకుండాలి. బ్రేకు ఉండదు, కాళ్లతోనే వెనక్కి నొక్కి ఆపడం. హెల్మెట్, మణికట్టు గార్డులు తప్పనిసరి, షూ లేసులు లోపలికి దోపుకోండి, క్రాంక్‌కి చుట్టుకుందంటే దిగే దారి ఉండదు. పిన్నులున్న ఇనుప పెడల్స్ అప్పుడే వద్దు, పిక్కలు చీరుకుపోతాయి, ప్లాస్టిక్‌వి చాలు.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు రంగు చూసి పడిపోకండి. చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి రెండు క్రాంకులూ పట్టుకుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపండి. టక్‌మందంటే కొత్త క్రాంకుల జత ఖరీదు ధరలోంచి కోయమనండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.