ఫ్లోట్ టెస్టులకు ఏ టాలరెన్స్: అబ్సల్యూటా, రిలేటివా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన మనవాళ్లు కోడ్ రివ్యూలో తరచూ అడిగే ప్రశ్న ఇది. డబుల్‌లో (దశాంశ అంకెలను 64 బిట్లలో దాచే ఫ్లోట్ రకం) 0.1 + 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కాబట్టి సరిగ్గా సమానమా అని చూడకూడదని అందరికీ తెలుసు. మరి ఎంత తేడా వదిలేయాలి? ఆ వదిలేసే తేడానే టాలరెన్స్.

అబ్సల్యూట్‌లో ఆ తేడా ఒక స్థిరమైన అంకె. జావా టెస్టుల లైబ్రరీ జేయూనిట్‌లో మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే డెల్టా ఇదే. చూడగానే అర్థమవుతుంది. ఉష్ణోగ్రతలు, శాతాల్లాంటి వాటికి నేనైతే ఇదే వాడమంటాను. కానీ డెల్టా 0.000001 పెట్టారనుకోండి. రావాల్సిన జవాబు 0.0000003 అయితే, ఫంక్షన్ ఉత్త సున్నా ఇచ్చినా టెస్టు పాసైపోతుంది! నాకు అన్నిటికన్నా భయం ఇదే. పెద్ద అంకెల దగ్గర కథ తిరగబడుతుంది: నూరు లక్షల కోట్ల దగ్గర పక్కపక్క డబుల్స్ మధ్య దూరమే 0.015625. అక్కడ ఆ డెల్టా ఉన్నా లేనట్టే.

రిలేటివ్‌లో ఆ తేడా, పోల్చే విలువను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. రెండు అంకెలు దగ్గరగా ఉన్నాయా అని చూసే పైథాన్ ‘ఈజ్‌క్లోజ్’ డీఫాల్ట్‌గా వంద కోట్లలో ఒక వంతు తేడాను ఒప్పుకుంటుంది. సున్నా దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. సున్నా రావాల్సిన sin(π) విలువ కంప్యూటర్‌లో దాదాపు 1.22 × 10⁻¹⁶ వస్తుంది. దాన్ని సున్నాతో పోలిస్తే ‘ఫాల్స్’ అంటుంది.

అందుకే మామూలుగా రిలేటివ్ పెట్టండి, సున్నా రాగల చోట చిన్న అబ్సల్యూట్ జోడించండి. పైథాన్ టెస్టుల టూల్ పైటెస్ట్‌లోని ‘అప్రాక్స్’ రెండూ చూస్తుంది. రూపాయల లెక్కకైతే అసలు ఫ్లోట్ వద్దు, పైసల్లో ఇంటీజర్ పెట్టుకోండి.