పార్లమెంటు ఒకటే, ఊళ్లు మూడు: బ్రస్సెల్స్, స్ట్రాస్‌బర్గ్, లక్సెంబర్గ్

యూరోపియన్ పార్లమెంటు సమావేశాలను కళ్లారా చూడాలంటే, టికెట్లు కొనేముందే ఆ పార్లమెంటు క్యాలెండర్ చూసుకోవాలి. ఏడాదికి 12 ప్లీనరీ (సభ్యులంతా కూర్చునే) సమావేశాలు స్ట్రాస్‌బర్గ్‌లో, కమిటీలు బ్రస్సెల్స్‌లో, సచివాలయం లక్సెంబర్గ్‌లో అని 1997 నాటి ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం ఖాయం చేసింది. మార్చాలంటే యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలన్నీ సరేననాలి. స్ట్రాస్‌బర్గ్ తమ ఊరే కాబట్టి ఫ్రాన్స్ అనదు.

స్ట్రాస్‌బర్గ్‌లో సభ సోమవారం సాయంత్రం మొదలై గురువారం ముగుస్తుంది. 720 మంది సభ్యులు, వాళ్ల సిబ్బంది, దుభాషీలు, విలేకరులు అందరూ ఒకేసారి దిగుతారు కాబట్టి ఆ వారం గదులు దొరకడం కష్టం, దొరికినా రేటు మండిపోతుంది. అలాంటప్పుడు రైన్ నదికి అవతల, జర్మనీలోని కేల్‌లో బస చూసుకోవడం మేలు. 2017 నుంచి డి లైన్ ట్రామ్ నది దాటి అక్కడికి వెళ్తోంది. పార్లమెంటు ముందు దిగాలంటే మధ్యలో మారి ఇ లైన్ ఎక్కాలి. పాస్‌పోర్టు లేనిదే లోపలికి రానివ్వరు. గురువారం సాయంత్రం రైళ్లలో తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు, సభ మొత్తం అప్పుడే ఊరు వదులుతుంది. ఆగస్టులో సమావేశాలే ఉండవు. పక్కనే ఉన్న మానవ హక్కుల న్యాయస్థానం యూరోపియన్ యూనియన్‌ది కాదు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

బ్రస్సెల్స్ తీరు వేరు. యూనియన్ కార్యాలయాలుండే యూరోపియన్ క్వార్టర్‌లో హోటళ్లు వారం మధ్యలో నిండి, శని ఆదివారాల్లో ఖాళీ అవుతాయి, రేట్లూ దిగుతాయి. పార్లమెంటారియం (పార్లమెంటు సందర్శకుల కేంద్రం), యూరోపియన్ చరిత్ర మ్యూజియం రెండింటికీ టికెట్ లేదు, కానీ సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ తెరవరు.

లక్సెంబర్గ్‌లో బస ఖరీదే. 2020 నుంచి ట్రామ్, బస్సు, రెండో తరగతి రైలు మాత్రం పర్యాటకులకు కూడా ఉచితం. కిర్ష్‌బర్గ్ ప్రాంతంలోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం విచారణలు చాలావరకు ఎవరైనా కూర్చుని వినవచ్చు. బ్రస్సెల్స్ నుంచి రైలు మరీ నిదానం, మూడు గంటలు పైనే పడుతుంది.

ఆ కోర్టు రాజకీయ నాయకులకు దూరంగా వేరే ఊళ్లో ఉండటం సబబే. కానీ ఒకే పార్లమెంటు పెట్టెలు సర్దుకుని నెలనెలా తిరగడం శుద్ధ దండగ. స్ట్రాస్‌బర్గ్‌లో జరిగేదంతా బ్రస్సెల్స్‌కు చేరిస్తే ఏటా 11.4 కోట్ల యూరోలు మిగులుతాయని యూనియన్ ఖర్చులు తనిఖీ చేసే యూరోపియన్ ఆడిటర్ల కోర్టు 2014లోనే లెక్క తేల్చింది. 1871కీ 1945కీ మధ్య ఫ్రాన్స్, జర్మనీల మధ్య నాలుగుసార్లు చేతులు మారిన స్ట్రాస్‌బర్గ్‌కు పార్లమెంటు కూర్చునే ఊరన్న గౌరవం దక్కాల్సిందే, అయితే దానికి ఏటా ఒకటి రెండు ప్రత్యేక సమావేశాలు చాలు. ఒక్క ఊరికే వీలుంటే బ్రస్సెల్స్‌కే వెళ్లండి.

ఈ దేశాలన్నిటికీ చెల్లే షెంజెన్ వీసాకు ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి. కేల్‌లో పడుకున్న రాత్రులు జర్మనీ లెక్కలోకి వస్తాయి, కాబట్టి హోటల్ బుకింగులు తేల్చుకున్నాకే ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలో చూసుకోండి.